టెస్టులు రాశారు సరే, రన్నర్‌కు అవి కనిపిస్తున్నాయా?

సీఐలో, అంటే కోడ్ మారిన ప్రతిసారీ టెస్టులను తనంతట తాను నడిపే వ్యవస్థలో, పచ్చ గుర్తు పడగానే టెస్టులన్నీ పాసయ్యాయని అనుకుంటాం. ఆ గుర్తుకు ఉన్న అర్థం అంతకంటే చిన్నది: రన్నర్‌కు (టెస్టులను వెతికి నడిపే ప్రోగ్రాముకు) దొరికిన టెస్టుల్లో ఏదీ ఫెయిల్ కాలేదు, అంతే. దొరకని టెస్టుల గురించి అది ఏమీ చెప్పదు. ఫైలు పేరులో అండర్‌స్కోర్ ఉండాల్సిన చోట హైఫన్ పడినా, ఫోల్డరులో ఒక ఖాళీ ఫైలు లేకపోయినా, ఒకే పేరుతో రెండు ఫంక్షన్లు రాసినా టెస్టు చప్పుడు చేయకుండా జాబితాలోంచి జారిపోతుంది. ఫెయిలైన టెస్టును ఎవరో ఒకరు అదే రోజు చూస్తారు. జారిపోయిన టెస్టు మాత్రం ప్రొడక్షన్‌లో బగ్ బయటపడేదాకా ఎవరి కంటా పడదు.

కాబట్టి టెస్టులు రాయడం ఎంత ముఖ్యమో, రన్నర్ వాటిని ఎలా వెతుకుతుంది, ఎలా లోడ్ చేస్తుంది అన్నది తెలియడం కూడా అంతే ముఖ్యం. ఇక్కడ ఎక్కువగా పైథాన్ గురించే చెబుతాం. అక్కడ యూనిట్‌టెస్ట్, పైటెస్ట్ అని రెండు రన్నర్లు, రెండు రకాల నియమాలు ఉండటంతో గందరగోళం కూడా ఎక్కువే. మిగతా భాషల్లో తరచూ దెబ్బతీసే చోట్లు తర్వాత వస్తాయి. కమాండ్లు, ఫైళ్ల పేర్లు తెలుగు లిపిలో ఇచ్చాం కానీ టెర్మినల్‌లో వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

మూడు దశలు

ఏ రన్నర్ అయినా చేసేది మూడు పనులు. ఒకటి, ఫోల్డర్లలో తిరిగి పేరును బట్టి ఫైళ్లు ఏరుకోవడం. రెండు, ఆ ఫైళ్లను లోడ్ చేయడం. పైథాన్‌లో ఇంపోర్ట్ చేయడం, గో, రస్ట్, సీ++లలో కంపైల్ చేసి లింక్ చేయడం. మూడు, లోడ్ అయిన దాంట్లోంచి టెస్టు అనదగ్గ ఫంక్షన్లను, మెథడ్లను పట్టుకోవడం.

టెస్టు కనిపించడం లేదంటే ఈ మూడింటిలో ఎక్కడ ఆగిందో ముందు తేల్చుకోవాలి. రెండో దశలో తప్పు జరిగితే సాధారణంగా ఎర్రర్ వస్తుంది, కాబట్టి అది అంత ప్రమాదం కాదు. ఒకటి, మూడు దశల్లో జరిగే తప్పులకు ఎర్రర్ ఉండదు. పేరు నమూనాకు సరిపోని ఫైలును రన్నర్ టెస్టుగా లెక్కే చేయదు, ఇక ఫిర్యాదు ఎందుకు చేస్తుంది?

ముందు జాబితా తీయండి

టెస్టులు నడపకముందే ఏమేం దొరికాయో చూడొచ్చు. పైటెస్ట్‌లో:

పైటెస్ట్ --కలెక్ట్-ఓన్లీ -క్యూ

ఒక్కో వరుసలో ఒక్కో టెస్టు పూర్తి చిరునామా వస్తుంది: ఫైలు దారి, క్లాస్ ఉంటే దాని పేరు, ఆపైన ఫంక్షన్ పేరు, వీటి మధ్య జంట కోలన్లు. చివర మొత్తం ఎన్ని దొరికాయో ఉంటుంది. -క్యూక్యూ ఇస్తే ఫైలుకు ఎన్ని ఉన్నాయో సంఖ్య మాత్రమే వస్తుంది. పెద్ద ప్రాజెక్టులో ఏ ఫైలు ఖాళీ అయిందో కనిపెట్టడానికి అదే సులువు.

యూనిట్‌టెస్ట్‌కు ఇలా జాబితా మాత్రమే ఇచ్చే ఆప్షన్ లేదు. నాలుగు లైన్ల స్క్రిప్టు రాసుకుంటే సరిపోతుంది. యూనిట్‌టెస్ట్.టెస్ట్‌లోడర్ ఆబ్జెక్టు తయారుచేసి, దాని డిస్కవర్ మెథడ్‌కు టెస్టుల ఫోల్డరు ఇవ్వండి. తిరిగి వచ్చిన సూట్ (టెస్టుల గుంపు) మీద కౌంట్‌టెస్ట్‌కేసెస్ పిలిస్తే సంఖ్య వస్తుంది. అదే లోడర్‌లో ఎర్రర్స్ అనే లిస్టు కూడా ఉంటుంది. లోడ్ కాని మాడ్యూళ్ల వివరాలు అందులో చేరతాయి. సంఖ్య ఎంత ఉన్నా ఆ లిస్టు ఖాళీగా లేకపోతే లెక్క సరిగ్గా లేనట్టే. డిస్కవరీలో, అంటే టెస్టులను వెతికే పనిలో, ఇంపోర్ట్ కాని ప్రతి మాడ్యూల్ స్థానంలో లోడర్ ఒక నకిలీ టెస్టును పెడుతుంది. ఆ ఫైలులో నలభై టెస్టులున్నా లెక్కలోకి వచ్చేది ఒక్కటే.

కొత్త టెస్టు ఫైలు చేర్చినప్పుడు ఇంకా సులువైన పరీక్ష ఉంది. కావాలనే అందులో ఒక అసర్ట్ ఫాల్స్ పెట్టి మొత్తం సూట్ నడపండి. ఆ ఒక్క ఫైలు కాదు, సీఐ ఏ కమాండ్ వాడుతుందో అదే కమాండ్‌తో. ఎర్రగా మారితే ఫైలు దొరుకుతున్నట్టు. పచ్చగానే ఉంటే మీ టెస్టు ఎవరికీ కనిపించడం లేదన్నమాట.

పేర్ల దగ్గరే సగం సమస్యలు

యూనిట్‌టెస్ట్ వెతికే నమూనా టెస్ట్*.పై. అంటే పేరు టెస్ట్ అనే అక్షరాలతో మొదలైతే చాలు. పైటెస్ట్ నమూనాలు రెండు: టెస్ట్_*.పై, లేదా *_టెస్ట్.పై. రెండూ ఒకటేలా కనిపిస్తాయి కానీ కావు. టెస్ట్స్.పై అనే ఫైలు యూనిట్‌టెస్ట్‌కు, జాంగో అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్ రన్నర్‌కు దొరుకుతుంది, పైటెస్ట్‌కు దొరకదు. లాగిన్_టెస్ట్.పై పైటెస్ట్‌కు దొరుకుతుంది, యూనిట్‌టెస్ట్‌కు దొరకదు. జాంగో ప్రాజెక్టును పైటెస్ట్‌కు మార్చేటప్పుడు ఒక్కో యాప్‌లోని టెస్ట్స్.పై ఫైళ్లన్నీ మాయమవడానికి కారణం ఇదే. పైప్రాజెక్ట్.టామ్‌ల్‌లో పైథాన్_ఫైల్స్ సెట్టింగుకు మూడు నమూనాలూ ఇస్తే కుదురుతుంది, లేదా ఫైళ్ల పేర్లే మార్చేయవచ్చు. పేర్లు మార్చడమే మేలు. కొత్తగా వచ్చేవాళ్లు సెట్టింగు చూడరు, పక్క ఫైలు పేరు చూసి అనుకరిస్తారు.

యూనిట్‌టెస్ట్‌కు ఇంకో షరతుంది: ఫైలు పేరు పైథాన్ మాడ్యూల్ పేరుగా చెల్లాలి. టెస్ట్-లాగిన్.పై నమూనాకు సరిపోయినా, మధ్యలో హైఫన్ ఉంది కాబట్టి దాన్ని దాటేస్తుంది. హెచ్చరిక కూడా రాదు.

ఫైలు లోపల కూడా తేడాలున్నాయి. యూనిట్‌టెస్ట్‌కు కావాల్సింది టెస్ట్‌కేస్ నుంచి వచ్చిన క్లాస్, అందులో టెస్ట్‌తో మొదలయ్యే మెథడ్. క్లాస్ బయట విడిగా రాసిన ఫంక్షన్‌ను అది పట్టించుకోదు. పైటెస్ట్‌కు విడి ఫంక్షన్లు చాలు. మామూలు క్లాస్ అయితే పేరు పెద్ద అక్షరం టీతో టెస్ట్ అని మొదలవ్వాలి, దానికి __ఇనిట్__ మెథడ్ ఉండకూడదు. ఉంటే క్లాస్ మొత్తాన్ని వదిలేసి ఒక వార్నింగ్ మాత్రం ఇస్తుంది. వార్నింగులు వందల్లో ఉన్న ప్రాజెక్టులో దాన్ని ఎవరు చదువుతారు? టెస్ట్‌కేస్ నుంచి వచ్చిన క్లాసులకు ఈ పేరు నియమం వర్తించదు, ఏ పేరున్నా పైటెస్ట్ తీసుకుంటుంది.

దీనికి తలకిందుల సమస్య కూడా వస్తుంది. మీ అప్లికేషన్‌లోనే టెస్ట్‌రిపోర్ట్ లాంటి పేరుతో ఒక క్లాస్ ఉండి, దాన్ని టెస్టు ఫైలులోకి ఇంపోర్ట్ చేస్తే పైటెస్ట్ దాన్ని కూడా టెస్టనుకుంటుంది. ఆ క్లాసులో __టెస్ట్__ = ఫాల్స్ అని ఒక లైను పెడితే వదిలేస్తుంది.

ఒకే ఫైలులో ఒకే పేరుతో రెండు ఫంక్షన్లు ఉండటం అన్నిటికంటే గట్టి దెబ్బ. పాత టెస్టును కాపీ చేసి, లోపలి భాగం మార్చి, పేరు మార్చడం మరిచిపోతే పైథాన్ రెండోదాన్ని మొదటిదాని మీద రాసేస్తుంది. మొదటిది ఇక లేనట్టే. రన్నర్‌కు ఇది తెలిసే మార్గమే లేదు, ఎందుకంటే ఇంపోర్ట్ అయ్యేసరికే మాడ్యూల్‌లో ఒక్క పేరే మిగులుతుంది. దీన్ని పట్టుకోవాల్సింది లింటర్, అంటే కోడ్‌ను నడపకుండానే తప్పులు వెతికే పనిముట్టు. రఫ్, ఫ్లేక్8 రెండింట్లోనూ ఆ నియమం సంఖ్య ఎఫ్811. టెస్టుల ఫోల్డరును లింటింగ్ నుంచి మినహాయించిన ప్రాజెక్టులు చాలా ఉన్నాయి. కనీసం ఈ ఒక్క నియమాన్నైనా అక్కడ అమలు చేయండి.

ఫోల్డర్లు, ఇనిట్ ఫైళ్లు

యూనిట్‌టెస్ట్ ఒక ఫోల్డరు లోపలి ఫోల్డరులోకి దిగాలంటే అందులో __ఇనిట్__.పై ఫైలు ఉండాలి. ఖాళీదైనా సరే. అది లేని ఉపఫోల్డరు ముఖం కూడా చూడదు, ఎర్రర్ ఇవ్వదు. ఇనిట్ ఫైలు లేని ఫోల్డరును డిస్కవరీ మొదలుపెట్టే చోటుగా అంగీకరించే ఏర్పాటు పైథాన్ 3.7 నుంచి సరిగ్గా పనిచేయలేదు, 3.11లో దాన్ని అధికారికంగా తీసేశారు, 3.14లో మళ్లీ తెచ్చారు.

ఇప్పుడు ఒక మామూలు నిర్మాణం తీసుకుందాం. ప్రాజెక్టు మూలంలో యాప్ అనే ప్యాకేజీ, పక్కన టెస్ట్స్ ఫోల్డరు. అందులో హెల్పర్స్.పై, ఇంకా యూనిట్ అనే ఉపఫోల్డరులో టెస్ట్_లాగిన్.పై. ఆ లాగిన్ ఫైలు పై ఫోల్డరులోని హెల్పర్స్‌ను రెండు చుక్కలతో, అంటే రిలేటివ్ ఇంపోర్ట్‌తో తెచ్చుకుంటోంది. ఇప్పుడు ఈ కమాండ్ ఇచ్చారు:

పైథాన్ -ఎం యూనిట్‌టెస్ట్ డిస్కవర్ -ఎస్ టెస్ట్స్/యూనిట్

పేరెంట్ ప్యాకేజీ ఏదో తెలియదంటూ ఇంపోర్ట్ ఎర్రర్ వస్తుంది. కారణం -టి ఆప్షన్ ఇవ్వకపోవడం. -ఎస్ ఎక్కడ వెతకడం మొదలుపెట్టాలో చెబుతుంది. -టి ప్రాజెక్టు తల ఎక్కడుందో చెబుతుంది. -టి ఇవ్వకపోతే -ఎస్‌కు ఇచ్చిన ఫోల్డరే తల అనుకుంటుంది. అప్పుడు ఆ ఫైలు టెస్ట్స్.యూనిట్.టెస్ట్_లాగిన్ అనే పూర్తి పేరుతో కాక, ఒంటరిగా టెస్ట్_లాగిన్ అనే పేరుతో లోడ్ అవుతుంది. దానికి పైన ప్యాకేజీ లేదు కాబట్టి రెండు చుక్కలకు అర్థం లేదు. టెస్ట్స్‌లోనూ యూనిట్‌లోనూ ఇనిట్ ఫైళ్లు పెట్టి, కమాండ్ చివర -టి, ఆపైన ఒక చుక్క చేర్చితే సరి. ఇనిట్ ఫైలు పెట్టకుండా -టి మాత్రం ఇస్తే, మొదలుపెట్టే డైరెక్టరీ ఇంపోర్ట్ చేయడానికి వీలుకాదని వేరే ఎర్రర్ వస్తుంది. అది చూసి -టి తీసేస్తే మళ్లీ మొదటికొస్తారు. రెండూ కలిసి చేయాల్సిన పని.

ఇంకో సంగతి: తలగా ఎంచుకున్న ఫోల్డరు ఇంపోర్ట్ దారిలో అన్నిటికంటే ముందు చేరుతుంది. అందులో జేసన్.పై, లాగింగ్.పై, ఈమెయిల్.పై లాంటి సహాయక ఫైళ్లుంటే అవి పైథాన్ సొంత లైబ్రరీని కప్పేస్తాయి. ఎర్రర్ ఎక్కడో మూడో లైబ్రరీ లోపల పుడుతుంది, అసలు కారణం దొరక్క తలప్రాణం తోకకొస్తుంది.

పైటెస్ట్‌లో ఇనిట్ ఫైలు లేకపోయినా టెస్టులు దొరుకుతాయి, కానీ వేరే చోట తగులుతుంది. దాని మామూలు ఇంపోర్ట్ పద్ధతి పేరు ప్రీపెండ్. టెస్టు ఫైలు నుంచి పైకి వెళ్తూ ఇనిట్ ఫైలు లేని మొదటి ఫోల్డరును పట్టుకుని, దాన్ని ఇంపోర్ట్ దారిలో ముందు పెడుతుంది. ఇప్పుడు టెస్ట్స్/యూజర్స్‌లో ఒక టెస్ట్_మోడల్స్.పై, టెస్ట్స్/ఆర్డర్స్‌లో ఇంకో టెస్ట్_మోడల్స్.పై ఉన్నాయి, ఇనిట్ ఫైళ్లు లేవు. రెండింటి మాడ్యూల్ పేరూ ఒక్కటే. ముందు దొరికిన ఫైలు ఆ పేరుతో లోడ్ అయిపోతుంది. రెండోదాని వంతు వచ్చేసరికి ‘ఇంపోర్ట్ ఫైల్ మిస్‌మ్యాచ్’ అని ఆగిపోతుంది. లోడైన మాడ్యూల్ ఏ ఫైలు నుంచి వచ్చింది, తనకు కావాల్సింది ఏ ఫైలు అని రెండు దారులూ చూపిస్తుంది. కింద పైక్యాష్ చెరిపేయమని ఒక సూచన ఉంటుంది. చాలామంది దాన్ని చెరిపేసి, ఫలితం లేక మళ్లీ చెరిపేస్తారు. పాత కంపైల్డ్ ఫైళ్లు మిగిలినప్పుడే ఆ మందు పనిచేస్తుంది. ఇక్కడి రోగానికి మందులు మూడు: ఫైళ్లకు వేర్వేరు పేర్లు, లేదా అన్ని ఫోల్డర్లలో ఇనిట్ ఫైళ్లు, లేదా సెట్టింగులో ఇంపోర్ట్-మోడ్‌ను ఇంపోర్ట్‌లిబ్‌గా మార్చడం.

కొత్త ప్రాజెక్టుకు ఇంపోర్ట్‌లిబ్ ఎంచుకోండి. అది ఇంపోర్ట్ దారిని ముట్టుకోదు కాబట్టి పేర్ల గొడవ రాదు. అదే కారణంగా, టెస్టు పక్కనే ఉన్న హెల్పర్స్.పైని పేరు పెట్టి ఇంపోర్ట్ చేయడం కుదరదు. పంచుకునే ఫిక్స్చర్లను (టెస్టులకు కావాల్సినవి ముందే సిద్ధం చేసే ఫంక్షన్లను) కాన్‌ఫ్‌టెస్ట్.పైలో పెట్టండి, మిగతా సహాయక కోడ్‌ను పైథాన్‌పాత్ సెట్టింగులో చేర్చిన ఒక ఫోల్డరుకు తరలించండి. అప్లికేషన్ కోడ్ కోసం పిప్ ఇన్‌స్టాల్ -ఈ, ఆపైన చుక్క ఇచ్చి ప్రాజెక్టును ఎడిటబుల్‌గా ఇన్‌స్టాల్ చేసుకుంటే ఏ ఫోల్డరు నుంచి నడిపినా ఒకేలా ఉంటుంది. ఒకరి దగ్గర పైటెస్ట్ అని నేరుగా నడిపితే మాడ్యూల్ దొరకలేదని, ఇంకొకరి దగ్గర పైథాన్ -ఎం పైటెస్ట్ అంటే బాగా నడుస్తుందని గొడవ వస్తే కారణం ఇక్కడే ఉంది. రెండో కమాండ్ ప్రస్తుతం ఉన్న ఫోల్డరును ఇంపోర్ట్ దారిలో చేరుస్తుంది, మొదటిది చేర్చదు.

పైటెస్ట్ కొన్ని ఫోల్డర్లలోకి అసలు దిగదు. చుక్కతో మొదలయ్యేవి, బిల్డ్, డిస్ట్, వీఎన్వ్, నోడ్_మాడ్యూల్స్ ఆ జాబితాలో ఉంటాయి. టెస్ట్స్ లోపల బిల్డ్ అనే ఉపఫోల్డరు పెట్టి, బిల్డ్ వ్యవస్థకు సంబంధించిన టెస్టులు అందులో రాశారనుకోండి. అవి ఒక్కటీ నడవవు. నార్‌కర్స్‌డిర్స్ అనే సెట్టింగును మార్చాలి, లేదా ఫోల్డరు పేరు మార్చాలి.

కారణం ఏ దశలో ఉందో తేల్చే చిట్కా: ఫైలు దారిని నేరుగా కమాండ్‌కు ఇవ్వండి. నేరుగా ఇచ్చిన ఫైలుకు పైటెస్ట్ పేరు నమూనా వర్తింపజేయదు. అలా ఇస్తే టెస్టులు దొరికి, ఊరికే పైటెస్ట్ అంటే దొరకకపోతే తప్పు ఫైలు పేరులోనో, ఫోల్డరు మినహాయింపులోనో, టెస్ట్‌పాత్స్ సెట్టింగులోనో ఉంది. నేరుగా ఇచ్చినా దొరకకపోతే లోపలి క్లాస్, ఫంక్షన్ పేర్లు చూడండి. అలాగే పైటెస్ట్ మొదట్లో అచ్చువేసే రూట్‌డిర్, కాన్ఫిగ్‌ఫైల్ లైన్లు తప్పక చదవండి. పైప్రాజెక్ట్.టామ్‌ల్‌లో సెట్టింగులన్నీ పెట్టుకున్నా, పక్కన ఎవరో వదిలేసిన పైటెస్ట్.ఐఎన్ఐ ఫైలుంటే అదే గెలుస్తుంది, అది ఖాళీగా ఉన్నా సరే.

లోడ్ అయ్యేటప్పుడే నడిచే కోడ్

ఇంపోర్ట్ అంటే ఫైలును చదవడం కాదు, నడపడం. మాడ్యూల్ పైభాగంలో డేటాబేస్ కనెక్షన్ తెరిస్తే, టెస్టుల జాబితా అడిగినంత మాత్రాన కనెక్షన్ తెరుచుకుంటుంది. డేటాబేస్ లేని యంత్రంలో ఆ ఫైలు లోడే కాదు. పైటెస్ట్‌లో ఇలాంటి ఒక్క ఎర్రర్ ఉన్నా మామూలుగా ఏ టెస్టూ నడవదు, కలెక్షన్‌లో అంతరాయం అని చెప్పి ఎగ్జిట్ కోడ్ (ప్రోగ్రాము ముగిసేటప్పుడు ఇచ్చే సంఖ్య) 2తో ఆగుతుంది. మిగతావాటినైనా నడపాలంటే --కంటిన్యూ-ఆన్-కలెక్షన్-ఎర్రర్స్ ఇవ్వొచ్చు. కానీ అది పరిశీలనకు మాత్రమే, సీఐలో శాశ్వతంగా పెట్టుకునేది కాదు.

కనెక్షన్లు, నెట్‌వర్క్ పిలుపులు, పెద్ద ఫైళ్లు చదవడం వంటివి పైటెస్ట్‌లో ఫిక్స్చర్లలోకి, యూనిట్‌టెస్ట్‌లో సెటప్‌క్లాస్ లేదా సెటప్‌మాడ్యూల్‌లోకి మార్చండి. జాబితా తీయడానికే అర నిమిషం పడుతుంటే ఏ ఇంపోర్ట్ నెమ్మదో చూడటానికి ఇది వాడండి:

పైథాన్ -ఎక్స్ ఇంపోర్ట్‌టైమ్ -ఎం పైటెస్ట్ --కలెక్ట్-ఓన్లీ

ప్రతి మాడ్యూల్‌కు పట్టిన సమయం మైక్రోసెకన్లలో వస్తుంది.

ఐచ్ఛిక లైబ్రరీ లేకపోతే టెస్టులు వదిలేయడానికి కొందరు ఇంపోర్ట్‌ను ట్రై, ఎక్సెప్ట్ మధ్య పెట్టి, లైబ్రరీ ఉంటేనే క్లాసును నిర్వచిస్తారు. ఇలా చేయకండి. ఆ లైబ్రరీ సీఐలో ఇన్‌స్టాల్ కాని రోజున క్లాస్ పూర్తిగా అదృశ్యమవుతుంది, ఎక్కడా లెక్కలోకి రాదు. పైటెస్ట్‌లో ఇంపోర్టర్‌స్కిప్, యూనిట్‌టెస్ట్‌లో స్కిప్‌అన్‌లెస్ వాడితే స్కిప్ అయినట్టు నివేదికలో కనిపిస్తుంది.

పారామీటర్లు కూడా లోడ్ సమయంలోనే లెక్క తేలతాయి. పారామెట్రైజ్‌కు సెట్ ఇస్తే, స్ట్రింగుల హ్యాష్ ప్రతి ప్రాసెస్‌లో మారుతుంది కాబట్టి టెస్టుల వరుస కూడా మారుతుంది. ఒకే ప్రాసెస్‌లో ఇది తెలియదు. ఎక్స్‌డిస్ట్ అనే ప్లగిన్‌తో సమాంతరంగా నడిపిన రోజున మాత్రం ఒక్కో వర్కర్‌కు ఒక్కో జాబితా వచ్చిందని మొత్తం ఆగిపోతుంది. సార్టెడ్‌తో వరుస స్థిరం చేసి లిస్టుగా ఇవ్వాలి. పారామీటర్‌లో ఇప్పటి సమయమో, ర్యాండమ్ సంఖ్యో పెట్టినా ఇదే గతి.

ఎక్కువసార్లు నడిచే టెస్టులు

ఒక్కోసారి టెస్టులు తగ్గడం కాదు, పెరుగుతాయి. బేస్.పైలో బేస్‌ఏపీఐటెస్ట్ అని టెస్ట్‌కేస్ క్లాస్, అందులో మూడు టెస్టు మెథడ్లు. దాన్ని పది ఫైళ్లు ఫ్రమ్ బేస్ ఇంపోర్ట్ బేస్‌ఏపీఐటెస్ట్ అని తెచ్చుకుని, దాని నుంచి సొంత క్లాసులు రాశాయి. లోడర్ ఒక మాడ్యూల్‌లో కనిపించే టెస్ట్‌కేస్ క్లాసులన్నిటినీ తీసుకుంటుంది. అక్కడే నిర్వచించారా, బయటినుంచి తెచ్చారా అని చూడదు. దాంతో వారసుల క్లాసులతో పాటు ఆ బేస్ క్లాస్ కూడా ప్రతి ఫైలులో ఒకసారి, అంటే ముప్పై అదనపు టెస్టులుగా నడుస్తుంది. క్లాసును కాక మాడ్యూల్‌ను ఇంపోర్ట్ చేసి, బేస్.బేస్‌ఏపీఐటెస్ట్ అని వాడితే పోతుంది. బేస్ క్లాసును టెస్ట్‌కేస్ నుంచి కాకుండా మామూలు మిక్సిన్‌గా రాసి, చివరి క్లాసులోనే టెస్ట్‌కేస్ చేర్చడం ఇంకా శుభ్రమైన పద్ధతి.

జాబితాను మనమే నిర్ణయించాలంటే

యూనిట్‌టెస్ట్‌లో లోడ్_టెస్ట్స్ అనే ఫంక్షన్ మాడ్యూల్‌లో ఉంటే, లోడర్ తను ఏరిన జాబితాను దానికి అప్పగించి, అది తిరిగి ఇచ్చిన సూట్‌నే వాడుతుంది. మూడు పారామీటర్లు: లోడర్, ఏరిన టెస్టులు, ఫైలు నమూనా. డాక్‌టెస్టులు చేర్చడానికి, డేటా ఫైళ్ల నుంచి టెస్టులు పుట్టించడానికి ఇది పనికొస్తుంది. దీన్ని ప్యాకేజీ ఇనిట్ ఫైలులో పెట్టినప్పుడు జాగ్రత్త: అప్పుడు ఆ ప్యాకేజీ లోపలికి దిగే బాధ్యత మీదే. లోడర్ తనంతట తాను దిగదు. లోపల మళ్లీ డిస్కవర్ పిలిచి, దొరికినవి సూట్‌కు కలపకపోతే ఆ ఫోల్డరు మొత్తం ఖాళీ. ఇంకా, పైటెస్ట్ లోడ్_టెస్ట్స్‌ను పట్టించుకోదు. రెండు రన్నర్లూ వాడే ప్రాజెక్టులో దాని జోలికి వెళ్లకపోవడమే మంచిది.

వరుస గురించి ఒక మాట. యూనిట్‌టెస్ట్ మెథడ్లను అక్షరక్రమంలో నడుపుతుంది, అందుకే టెస్ట్_10 అనేది టెస్ట్_2 కంటే ముందొస్తుంది. పైటెస్ట్ ఫైలులో రాసిన వరుసలో విడి ఫంక్షన్లను నడుపుతుంది. వరుస మీద ఆధారపడే టెస్టులు రన్నర్ మారిన రోజున బయటపడతాయి.

దొరికినా నడవని రకం ఒకటుంది. మామూలు టెస్ట్‌కేస్‌లో అసింక్ డెఫ్‌తో టెస్టు రాస్తే లోడర్ తీసుకుంటుంది, పిలుస్తుంది, కానీ వచ్చిన కోరొటీన్‌ను ఎవరూ అవెయిట్ చేయరు. లోపలి అసర్ట్ ఒక్కటీ నడవకుండానే పాస్ అవుతుంది, వార్నింగ్ మాత్రం మిగులుతుంది. పైథాన్ 3.8 నుంచి ఉన్న ఐసొలేటెడ్‌అసింక్‌ఐఓటెస్ట్‌కేస్ వాడాలి.

మిగతా భాషల్లో

జావాలో ఐడీఈ ఒకరకంగా, మేవెన్ ఇంకోరకంగా వెతుకుతాయి. ఐడీఈ అనొటేషన్ చూస్తుంది. మేవెన్ ష్యూర్‌ఫైర్ ముందు క్లాస్ పేరు చూస్తుంది: టెస్ట్ అని మొదలవ్వాలి, లేదా టెస్ట్, టెస్ట్స్, టెస్ట్‌కేస్ అని ముగియాలి. లాగిన్‌స్పెక్ అనే క్లాస్ ఐడీఈలో చక్కగా నడుస్తుంది, మేవెన్‌లో ఎప్పటికీ రాదు. ఐటీ అని ముగిసేవి ఫెయిల్‌సేఫ్ వాటా. ఆ ప్లగిన్‌ను అమర్చకపోతే అవీ నడవవు. రెండో ఉచ్చు ఇంపోర్ట్ లైను. జేయూనిట్ 4, జేయూనిట్ 5 రెండింట్లోనూ అనొటేషన్ పేరు టెస్టే, ప్యాకేజీలే వేరు. జేయూనిట్ 5 వాడే జూపిటర్ ఇంజిన్ ఒక్కటే ఉన్నచోట ఐడీఈ ఆటోకంప్లీట్ పాత ప్యాకేజీ నుంచి తెచ్చిన అనొటేషన్ ఉన్న మెథడ్ దొరకదు. పాతవి నడవాలంటే వింటేజ్ ఇంజిన్ కూడా డిపెండెన్సీగా ఉండాలి. గ్రేడిల్‌లో అయితే టెస్ట్ టాస్క్‌లో యూజ్‌జేయూనిట్‌ప్లాట్‌ఫామ్ ఉందో లేదో మొదట చూడండి.

జావాస్క్రిప్ట్‌లో జెస్ట్ తీసుకునేవి __టెస్ట్స్__ ఫోల్డరులోని ఫైళ్లు, ఇంకా .టెస్ట్, .స్పెక్ అని మధ్యలో ఉన్నవి. --లిస్ట్‌టెస్ట్స్ ఇస్తే ఫైళ్ల జాబితా వస్తుంది. వైటెస్ట్‌కు __టెస్ట్స్__ ఫోల్డరు పేరు ఒక్కటే చాలదు, ఫైలు పేరులోనే .టెస్ట్ లేదా .స్పెక్ ఉండాలి, జెస్ట్ నుంచి మారేవాళ్లు ఇది చూసుకోవాలి. మోకా టెస్ట్ ఫోల్డరులో పైపై ఫైళ్లే చూస్తుంది, లోపలికి దిగాలంటే --రికర్సివ్ ఇవ్వాలి. డిస్క్రైబ్ లోపలి కోడ్ జాబితా తయారయ్యేటప్పుడే నడుస్తుంది కాబట్టి అక్కడ అవెయిట్ చేసి ఆ తర్వాత టెస్టులు నమోదు చేయడం కుదరదు. మరిచిపోయిన .ఓన్లీ ఒక్కటి ఆ ఫైలులోని మిగతా టెస్టులన్నిటినీ పక్కన పెట్టేస్తుంది. మోకాలో --ఫర్బిడ్-ఓన్లీ, జెస్ట్‌కు ఈఎస్‌లింట్ నియమం పెట్టి దాన్ని అడ్డుకోండి.

గోలో ఫైలు పేరు _టెస్ట్.గోతో ముగియాలి. ఫంక్షన్ పేరులో టెస్ట్ తర్వాతి అక్షరం చిన్నది కాకూడదు. టెస్ట్‌డేటా ఫోల్డరును, అండర్‌స్కోర్‌తోనో చుక్కతోనో మొదలయ్యే ఫోల్డర్లను గో వదిలేస్తుంది. అంతగా తెలియని సంగతి: సింక్_విండోస్_టెస్ట్.గో అని పేరు పెడితే అది విండోస్ మీద మాత్రమే కంపైల్ అవుతుంది. విండోస్ అనేది మీ ఉద్దేశంలో జీయూఐ కిటికీలైనా సరే, లినక్స్ సీఐలో ఆ ఫైలు ఉండదు. జాబితా కోసం గో టెస్ట్ -లిస్ట్ తర్వాత చుక్క. -రన్‌కు ఇచ్చిన నమూనా దేనికీ సరిపోకపోతే నడపడానికి టెస్టుల్లేవని చిన్న గమనిక ఇచ్చి ఓకే అంటుంది, ఎగ్జిట్ కోడ్ సున్నా.

సీ++లో గూగుల్‌టెస్ట్ వాడేవాళ్లకు లింకర్ దగ్గర సమస్య. ప్రతి టెస్టూ ఒక స్టాటిక్ వేరియబుల్ ద్వారా తనను తాను నమోదు చేసుకుంటుంది. టెస్టు ఫైళ్లను స్టాటిక్ లైబ్రరీగా కట్టి మెయిన్‌కు లింక్ చేస్తే, వాటిలోని ఏ సింబల్‌నూ ఎవరూ పిలవడం లేదని లింకర్ ఆ ఆబ్జెక్టు ఫైళ్లను పారేస్తుంది. కంపైల్ అవుతుంది, నడుస్తుంది, టెస్టులు సున్నా. టెస్టు సోర్సులను నేరుగా ఎగ్జిక్యూటబుల్‌కు ఇవ్వడం, లేదా హోల్-ఆర్కైవ్ ఫ్లాగ్ వాడటం పరిష్కారం. సీమేక్‌లోని జీటెస్ట్_డిస్కవర్_టెస్ట్స్ బిల్డ్ ముగిశాక బైనరీని నడిపి జాబితా అడుగుతుంది. అందుకు మామూలు గడువు 5 సెకన్లు. బైనరీ మొదలవడానికే సమయం తీసుకుంటే బిల్డ్ ఫెయిలవుతుంది, డిస్కవరీ_టైమౌట్ పెంచాలి.

రస్ట్‌లో ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు: మాడ్ లైనుతో చేర్చని ఫైలు కంపైలే కాదు, అందులోని టెస్టులు ఎవరికీ తెలియవు. కార్గో టెస్ట్, రెండు డాష్‌లు, ఆపైన --లిస్ట్ ఇచ్చి చూసుకోండి.

సీఐలో కాపలా

సున్నా టెస్టులు దొరకడాన్ని తప్పుగా పరిగణించాలి. పైటెస్ట్ ఇందుకు ఎగ్జిట్ కోడ్ 5 ఇస్తుంది. యూనిట్‌టెస్ట్ పైథాన్ 3.12 నుంచి అదే సంఖ్య ఇస్తుంది, అంతకుముందు వెర్షన్లలో సున్నా టెస్టులకు ఓకే అనేది. స్క్రిప్టుల్లో 5ను క్షమించే లైన్లు, జెస్ట్‌కు --పాస్‌విత్‌నోటెస్ట్స్ ఉంటే ఎందుకున్నాయో విచారించండి.

సున్నా కాకుండా కొన్ని మాత్రమే పోయినప్పుడు సంఖ్యే దిక్కు. మెయిన్ బ్రాంచ్‌లో --కలెక్ట్-ఓన్లీ -క్యూ ఫలితంలోంచి జంట కోలన్లున్న వరుసల్నే గ్రెప్‌తో తీసి, సార్ట్ చేసి ఫైలులో పెట్టండి. చివర వచ్చే సమయం లైను ప్రతిసారీ మారుతుంది కాబట్టి ఈ వడపోత తప్పదు. మార్పు బ్రాంచ్‌లో కూడా అదే చేసి డిఫ్ తీస్తే ఏ టెస్టులు పోయాయో పేర్లతో సహా వస్తాయి. కావాలని తీసేసినవైతే రివ్యూ చేసేవాళ్లు ఒప్పుకుంటారు. ఆ జాబితాలో ఊహించని పేరుంటే మెర్జ్ ఆపాలి.

మరో తనిఖీ ఏడాదికి ఒకటి రెండుసార్లైనా చేయదగ్గది. టెస్టుల ఫోల్డరులో డెఫ్ టెస్ట్_ ఎన్నిసార్లు ఉందో గ్రెప్‌తో లెక్కపెట్టండి. కలెక్షన్ జాబితాలో చదరపు బ్రాకెట్ నుంచి చివరిదాకా కత్తిరించి, మిగిలిన పేర్లలో వేర్వేరువి ఎన్నో లెక్కపెట్టండి. పారామీటర్ల వల్ల పెరిగిన సంఖ్య అలా పోతుంది. బేస్ క్లాసులు, వారసత్వం వల్ల కొంత తేడా సహజం. గ్రెప్ లెక్క బాగా ఎక్కువుంటే మాత్రం ఎక్కడో టెస్టులు రాలిపోతున్నట్టే. ఫైలువారీగా పోల్చితే చోటు దొరుకుతుంది.

చివరిగా, ఎగ్జిట్ కోడ్ సీఐ దాకా చేరుతోందో లేదో చూడండి. లాగ్ ఫైలులో దాచుకోవడానికి పైటెస్ట్ ఫలితాన్ని పైపు ద్వారా టీ అనే కమాండ్‌కు పంపితే, బ్యాష్ చూసేది టీ ఇచ్చిన కోడ్‌ను, అది దాదాపు ఎప్పుడూ సున్నాయే. అదే స్క్రిప్టు మొదట్లో సెట్ -ఓ పైప్‌ఫెయిల్ పెట్టాకే 1, 2, 5 అన్న సంఖ్యలు బయటికొస్తాయి.